నూలుచీర ఖరీదులో షిరాజ్

రాయ్‌పూర్, తెలీబంధా
మార్చి 2016

సరోజిని వదినగారికి నమస్కారాలు.

మీరు సికింద్రాబాదు క్షేమంగా చేరారని మా అల్లుడు వివేక్ చెప్పాడు. పెళ్లి హడావుడిలో మీకు ఏ లోటు జరిగినా మనసులో పెట్టుకోవద్దు. ఈ ఫోన్ల కాలంలో వియ్యపురాలు ఉత్తరం రాయడమేమిటని అనుకుంటున్నారేమో. మా ఇంట్లో ఫోను సిగ్నలు హాల్లోనే అందుతుంది. హాల్లో మా అత్తగారు పైడమ్మగారి మంచం ఉంది. ఆవిడకి ఎనభై దాటాయి గానీ చెవులకి మాత్రం ఇంకా వయసు రాలేదు. నేను రాయబోయే సంగతి ఆవిడ చెవిన పడేది కాదు.

పెళ్లి మర్నాడు సారె పట్టుకుని మీ హోటలు గదికి వచ్చాను కదా. తలుపు తీసేసరికి మీరు ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకుని ఉన్నారు. పక్కన బల్ల మీద గ్లాసులో ఎర్రటి వైను. నేను రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. మందు అంటే జీతాల రోజున మగవాళ్లు కాలవలో పడటమే నాకు తెలుసు. మీరు గ్లాసు దాస్తారేమో, నేను చూడనట్టు నటించాలేమో అని కంగారుపడుతూ ఉంటే, మీరు నవ్వి, "దాచిపెడితే తప్పు చేసినట్టైతది వదినా. కూర్చోండి" అన్నారు. బాత్రూములో ఉన్న గ్లాసు కడిగి నాకూ కొంచెం పోశారు.

వదినగారూ, అభన్‌పూర్ స్కూల్లో ఇరవై ఏళ్లకి పైగా జీవశాస్త్రం చెబుతున్నాను. చక్కెరని ఈస్టు ఎలా పులియబెడుతుందో ప్రతి సంవత్సరం బోర్డు మీద సమీకరణం రాస్తాను. ఆ సమీకరణంలో చివరికి వచ్చేదాని రుచి మాత్రం ఆ రోజే తెలిసింది. మొదట నేరేడుపండు. తర్వాత నాలుక చివర మిరియం. మింగాక కొత్త తోలుచెప్పుల దుకాణంలో ఉండే వాసన. సగం గ్లాసుకే పెళ్లి పనుల అలసట దిగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి మావారికి చెప్పేశాను. గిరిధర్‌గారు రైల్వే లెక్కల్లో పని చేసి రిటైరైన మనిషి. కాసేపు ఆలోచించి, "బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను. "సరే అయితే" అని పేపరు తీసుకున్నారు.

మొన్న స్కూలు బస్సు దిగి ఇక్కడి ఇంగ్లీషు మందు దుకాణానికి నేనే వెళ్లాను. కౌంటరు మీదున్న అతను, "ఆంటీజీ, గిఫ్ట్ దేనా హై క్యా?" అని మర్యాదగా అడిగాడు. "నహీ భయ్యా, పీనా హై" అన్నాను, బహుమతికి కాదు, తాగడానికే అని. అతను లోపలికి వెళ్లి, పసుప్పచ్చ తోక ఉన్న కంగారూ బొమ్మ సీసా తెచ్చి ఇచ్చాడు. షిరాజ్ అని రాసి ఉంది. మీరు పోసినది ఇదేనా? దీన్ని ఎలా ఉంచాలి, దేనితో తాగాలి? పిల్లలకి మాత్రం ఈ ఉత్తరం సంగతి చెప్పకండి.

కృతజ్ఞతలతో,
మాలతి


సికింద్రాబాద్, మారేడ్‌పల్లి
ఏప్రిల్ 2016

మాలతి వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. 'గారు' తీసేస్తున్న, ఏమీ అనుకోకు. ఒకే సీసాలోంచి పోసుకున్నవాళ్ల మధ్య అది దేనికి?

నువ్వు కొన్నది మంచిదే. నేను పోసినది వేరే కంపెనీది, ద్రాక్ష ఒకటే. కంగారూ సీసా కొంచెం తీపి వైపు మొగ్గుతుంది, మొదలుపెట్టేవాళ్లకు సుఖం. పైన 'సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా' అని ఉంటుంది చూడు. అంటే ఒక్క తోట పండు కాదు, చాలా తోటలది కలిపి చేస్తరని అర్థం. అందుకే అగ్గువ. అగ్గువైతే ఏంది, అక్కడ ఎండ పుష్కలం. చవక సీసాలో కూడా పండు రుచి దండిగ ఉంటది. నాకొక నియమం ఉంది. సీసా ఖరీదు ఒక మంచి నూలుచీర ఖరీదు దాటొద్దు. దాటితే ఆ రుచిలో బాధ కలుస్తది.

గదిలో ఉన్న వేడికి తాగాలని పుస్తకాలలో రాస్తరు. ఆ గది మీ రాయ్‌పూర్‌ది కాదు. ఎరుపైనా సరే అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. మూత తిప్పుడు మూత, మళ్లీ బిగించి లోపల పెడితే నాలుగైదు రోజులు ఉంటది. మసాలా మరీ ఎక్కువ వెయ్యకుండా మాంసం కూర చేసి చూడు.

నాకు ఇవన్నీ ఎక్కడివని అడగలేదు నువ్వు. మర్యాదస్తురాలివి. మా ఆయన పున్నయ్య గనుల యంత్రాల ఇంజనీరు. కంపెనీవాళ్లు మూడేళ్లు ఆస్ట్రేలియాకు, అడిలైడ్ పంపిన్రు. పక్కింటివాళ్లు ఆదివారం భోజనానికి పిలిచి గ్లాసు చేతికిచ్చిన్రు. నేను వద్దంటుంటే ఆయన రుచి చూసి, "కల్లు లెక్కనే గద సరూ, చెట్టు వేరు, అంతే" అన్నడు. జనగామ దగ్గర పుట్టిన మనిషి మరి. అప్పటినుంచి ఆదివారం ఇద్దరం చెరొక గ్లాసు. ఆయన పోయి నాలుగేండ్లు. ఆదివారం ఒక్క గ్లాసు మానలేదు. వివేక్‌కు నచ్చదు. "ఎవరన్న చూస్తే ఎట్లమ్మా" అంటడు.

పెళ్లిలో తలంబ్రాలప్పుడు నేను గోడ పక్కన నిలబడితే నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకపోయినవు. మీవాళ్లు గుసగుసలాడితే విననట్టే ఉన్నవు. మర్నాడు సారె కూడ మొదట నా గదికే తెచ్చినవు. ఆ ఎరుపు నీకు పోసింది అందుకే. ఇగ నుంచి అక్కడ దొరికినది నువ్వు తాగి రాయి, ఇక్కడిది నేను తాగి రాస్త. రుచి చెప్పుకోడానికి మనిషి లేక నాకు నోరు కట్టేసినట్టుంది.

ప్రేమతో,
సరోజిని


రాయ్‌పూర్
ఆగస్టు 2016

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆదివారం మాంసం వండి, షిరాజ్ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, స్టీలు గ్లాసుల్లో పోశాను. మావారు ఒక గుక్క తాగి, నేరేడుపళ్లు ఉడకబెట్టి అందులో లవంగం వేసినట్టుందన్నారు. లెక్కల మనిషికి ఇంత వర్ణన ఎక్కడ దాగిందో తెలీదు. రెండో గుక్క తాగలేదు గానీ, పక్కన కూర్చుని నా గ్లాసు అయ్యేదాకా కబుర్లు చెప్పారు. రిటైరయ్యాక ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

మధ్యలో మా అత్తగారు కర్ర పట్టుకుని వచ్చారు. "ఏటే అది, ఎర్రగుంది?" అన్నారు. ఈయన తడుముకోకుండా, "ద్రాక్షారిష్టం అమ్మా, నీరసానికి" అన్నారు. "నాకూ నీరసంగానే ఉంది కదరా" అని ఆవిడ కుర్చీ లాక్కున్నారు. ఒక చెంచాడు పోశాను. చప్పరించి, "ఒగరుగుంది. మంచి వైద్యుడే ఇచ్చినట్టున్నాడు" అన్నారు. ఇప్పుడు ఆదివారం వస్తే తన చెంచా తనే తెచ్చుకుంటున్నారు. ఆవిడకి తెలుసో తెలీదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

తర్వాత షార్డొనే అనే తెల్లది కొన్నాను. వెన్న కాచేటప్పటి వాసన, దాంట్లో మగ్గిన అనాసపండు. మా శ్రీకాకుళం చేపల పులుసుతో కుదరలేదు, చింతపండుకీ దానికీ పడలేదు. వేయించిన చేపతో బాగా కుదిరింది. మిగిలినది మరిచిపోయి మూడు వారాలు ఉంచాను. వెనిగరు అయింది. పదో తరగతి పిల్లలకి వాసన చూపించి, ఇది పులియడంలో తర్వాతి మెట్టు అని చెప్పాను. ఏ సీసాలోదో చెప్పలేదు.

మా ప్రీతి ఫోన్లో ఈమధ్య ముక్తసరిగా మాట్లాడుతోంది. పుణేలో ఆఫీసు పని ఎక్కువ కాబోలు. నీతో మాట్లాడుతోందా?

నీ పుణ్యమా అని ఆదివారాలు నావి అయ్యాయి.

మాలతి


సికింద్రాబాద్
జనవరి 2017

వదినా,

ఆలస్యంగ రాస్తున్న. పుణే పోయొచ్చిన. పిల్లలు పనులలో ఉన్నరు.

బెంగుళూరు నుంచి మా చెల్లె రీస్లింగ్ అనే తెల్ల వైను తెచ్చిచ్చింది. అడిలైడ్‌కు ఉత్తరంగ క్లేర్ అని ఒక లోయ ఉంటది. పగలు ఎండ మండుతది, రాత్రి చలి పెడతది. ఆ చలికి పండులో పులుపు నిలుస్తది. కొత్తగ ఉన్నప్పుడు నిమ్మకాయ గీరినట్టు వాసన. ఏండ్లు గడిచినకొద్దీ దాంట్ల కిరసనాయిలు వాసన వస్తది. నవ్వకు, నిజమే. అడిలైడ్‌ల మొదటిసారి వాసన చూసి సీసా పాడైందనుకుని పారబోయబోయిన. ఆయన ఆపి, "మా అమ్మ స్టవ్వు మీద చాయ్ పెట్టినట్టుంది, ఉండనియ్యి" అన్నడు. ఇప్పుడు తెచ్చిన సీసా ఆరేండ్ల పాతది. కిరసనాయిలు, దాని వెనక తేనె, దాని వెనక నిమ్మతొక్క. పులిహోరతో తాగిన. ఎంత బాగ కుదిరిందో చెప్పలేను.

ఇక్కడ చలి తగ్గింది. అత్తగారికి నమస్కారాలు చెప్పు.

సరోజిని


రాయ్‌పూర్
ఏప్రిల్ 2017

వదినా,

కిరసనాయిలు వాసన వైనులో ఉంటుందని స్టాఫ్‌రూములో చెబితే ఎవరూ నమ్మరు, అందుకే నాలోనే దాచుకున్నాను. ఈ నెల నుంచి ఇక్కడ మందు దుకాణాలన్నీ ప్రభుత్వమే నడుపుతోంది. నాకు తెలిసిన దుకాణం మూసేశారు. కొత్తదాంట్లో మనకి కావలసినవి కనబడటం లేదు. పెద్ద వరస, నేను నిలబడలేకపోయాను. అందుకని ఈసారి రాయడానికి రుచులేమీ లేవు.

ప్రీతి వచ్చింది. అక్కడ ఎండలు కదా, కొన్నాళ్లు ఉంటుంది.

మాలతి


సికింద్రాబాద్
మే 2017

మాలతి వదినా,

పుణే ఎండలకు భయపడి రాయ్‌పూర్ పోయేవాళ్లు ఎవరే?

ఇద్దరం ఒకరికొకరం కప్పిపెట్టుకుంటున్నం. ఇగ నా చేత కాదు. జనవరిల పుణే పోయినప్పుడే చూసిన. ఇద్దరూ వేరే వేరే గదులలో పడుకుంటున్నరు. వంటింట్లో ఎదురుపడితే ఒకరు పక్కకు జరుగుతరు. వివేక్‌ను అడిగిన, "ఏమైంది రా?" అని. "ఏం కాలేదమ్మా, నువ్వు ఊకో" అన్నడు. ప్రీతినడిగిన. చాయ్ పెడుతూ పెడుతూ, "ఆయన కోపం వస్తే కొట్టరు, తిట్టరు అత్తయ్యా. మాట్లాడరు. వారాలు మాట్లాడరు. ఇంట్లో నేను ఉన్నానో లేనో నాకే తెలీడం లేదు" అన్నది.

నా కొడుకు చిన్నప్పటినుంచి అంతే. అలిగితే అన్నం పళ్లెం తలుపు బయట పెట్టేదాన్ని. పెద్దయితే పోతదనుకున్న. పోలేదు. మీ పిల్ల తప్పు ఇందుల నాకు కనబడలేదు. సర్దిచెప్పి చూసిన. అలవాటుగ మౌనం పట్టిన మనిషిని తల్లి ఒక్క వారంల ఏం మారుస్తది?

నువ్వు కూడ దాచినవు గనక నా మీద కోపం పెట్టుకోవని ఆశ.

సరోజిని


రాయ్‌పూర్
జూన్ 2017

సరోజినిగారికి,

నేను దాచాను, నిజమే. నా కూతురు రెండు పెట్టెలతో రైలు దిగింది ఏప్రిల్లో. మీరు జనవరిలో చూశారు. మధ్యలో మూడు నెలలు. మీరు జనవరిలో ఒక్క మాట రాసి ఉంటే నేను వెళ్లి తెచ్చుకునేదాన్ని. అది పుణేలో ఆ గదిలో కూర్చుని తనలో తను మాట్లాడుకునేదాకా వచ్చింది. ఇప్పుడు కూడా మేం గట్టిగా తలుపు వేస్తే ఉలిక్కిపడుతోంది. ఆ జనవరిలో మీరు నాకు కిరసనాయిలు వాసన గురించి రాశారు. పులిహోరతో ఎంత బాగుందో రాశారు. నేను ఆ ఉత్తరం మావారికి చదివి వినిపించి నవ్వాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మావారి పెదనాన్న కొడుకు మల్లేశ్వరరావుగారు పెద్దమనుషుల్ని కూర్చోబెడదామంటున్నారు. ప్రీతి వద్దంది. కోర్టుకే వెళ్తానంది. మేం దాని వెనక ఉంటాం. అబ్బాయి తల్లితో రాకపోకలు పెట్టుకోవద్దని ఈయన అన్నారు. నాకూ అదే సరి అనిపిస్తోంది.

ఇక ఉత్తరాలు వద్దు.

మాలతి


సికింద్రాబాద్
జూలై 2017

మాలతికి,

నువ్వు వద్దన్నవు. ఇది ఒక్కటి చదువు.

వివేక్‌తో మాట్లాడిన. ఇద్దరి సమ్మతితోనే విడిపోయేటట్టు కాగితాల మీద సంతకం పెడతడు, ఏ పేచీ పెట్టడు. లాయరు ఏదన్న వంకరగ రాయిద్దామంటే నేను అక్కడ ఉంట. ప్రీతి నగలు, బట్టలు, పుస్తకాలు పుణే నుంచి నేను స్వయంగ సర్ది తెచ్చుకున్న. ఏది పోకుండ ఆమె చేతికే ఇస్త.

జనవరిల ఎందుకు రాయలేదో చెప్త. రాస్తే నువ్వు రాయడం మానేస్తవని భయపడ్డ. అంతే. ఇంకే కారణం లేదు. రాయకపోయినా అదే జరిగింది, ఒక పిల్లకు మూడు నెలలు ఎక్కువ బాధ కలిగింది. నువ్వు కోప్పడ్డది న్యాయమే.

నా ఆదివారాలకు ఒక ఏడాది తోడున్నవు. దానికి నేను బతికినన్ని రోజులు నీకు రుణపడి ఉంట.

సరోజిని


రాయ్‌పూర్, తెలీబంధా
నవంబరు 2018

సరోజిని వదినా,

ఏడాదికి పైగా అయింది నీకు రాసి. పుణే కోర్టు నుంచి మేం తిరిగొచ్చి వారం అవుతోంది. ఈ వారం అంతా ఈ కాగితం తీయడం, పెట్టడం.

ఆ రోజు కోర్టు వరండాలో ఒక బెంచి మీద ఆ చివర నువ్వు, ఈ చివర నేను. మధ్యలో ఎవరివో ఫైళ్లు. మల్లేశ్వరరావుగారు మాతో వచ్చారు కదా, "అటు చూడొద్దు" అని నాకు రెండుసార్లు చెప్పారు. నేను అటు చూడలేదు. చూడకపోయినా నువ్వు చిక్కిపోయావని తెలిసింది. సంతకాలయ్యాక నువ్వు లేచి వచ్చి నగల పెట్టె ప్రీతి చేతిలో పెట్టి, "చూసుకో బిడ్డా, అన్నీ ఉన్నయో లేవో" అన్నావు. అది, "చూడక్కర్లేదు అత్తయ్యా" అంది. అప్పుడే విడాకుల కాగితం పట్టుకున్న పిల్ల నోట అత్తయ్యా అన్న పిలుపు విని లాయరు నవ్వాడు. నువ్వు నవ్వలేదు. ప్రీతి తల మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయావు.

వివేక్ నా దగ్గరకొచ్చాడు. నన్ను ఎప్పుడూ అత్తయ్యా అనేవాడు. ఆ రోజు, "ఆంటీ, నావల్ల ఇబ్బంది పడ్డారు. సారీ" అన్నాడు. నాకు కోపం రాలేదు. వాడూ తేలికపడినట్టే కనిపించాడు. ఎవరైనా డాక్టరు దగ్గరకి వెళ్లి మాట్లాడు బాబూ అన్నాను. వెళ్తున్నానన్నాడు, అమ్మ తీసుకెళ్తోందన్నాడు.

తిరుగు రైల్లో ప్రీతి కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్టుండి అడిగింది. "నువ్వు ఆవిడకి ఉత్తరాలు రాసేదానివట కదమ్మా. నానమ్మ చెప్పింది. ఎందుకు మానేశావు?"

"నీ గురించేనే" అన్నాను.

"మానెయ్యమని నేనడిగానా? నాకు ఆయనతో కుదరలేదు. నీకు ఆవిడతో కుదిరింది కదా. అది నా ఖాతాలో ఎందుకు వేస్తున్నావు?"

పై బెర్తు మీద మావారు నిద్రపోతున్నారనుకున్నాను. "అది చెప్పింది నిజమే" అని పైనుంచి వినబడింది.

వదినా, నీకు కటువుగా రాశాను. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోలేను, ఎందుకంటే ఆ రోజు నాకు అంత బాధా కలిగింది. కానీ ఆ ఉత్తరం తర్వాత నువ్వు చేసిందంతా చూశాను. మగపిల్లవాడి తల్లులు కోర్టుల్లో ఏమేం మాట్లాడతారో మా స్టాఫ్‌రూములో రోజూ వింటాను. నువ్వు నా కూతురి గురించి ఒక్క చెడ్డమాట ఎక్కడా అనలేదు, అననివ్వలేదు. అది తలెత్తుకుని ఇంటికొచ్చింది. ఇక్కడి పండరీ బజారులో ఒక బట్టల హోల్‌సేలు వ్యాపారి దగ్గర డిజైన్లు గీసే పనిలో చేరింది. నిన్న భోజనాల దగ్గర పాట పాడుకుంది. దానికి నీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలీక ఇన్నాళ్లు రాయలేదు.

దుకాణాల్లో మళ్లీ మన సీసాలు వస్తున్నాయి. నిన్న గ్రెనాష్ అనే ద్రాక్ష, షిరాజ్ కలిపినది ఒకటి కొన్నాను. రంగు పల్చన, రూహ్‌అఫ్జా షర్బత్తులా. పుల్లటి రేగుపండు, ఎండబెట్టిన నారింజ తొక్క, కాస్త దాల్చినచెక్క. నూలుచీర కంటే తక్కువే పడింది. కోడికూరతో మొదటి గుక్క తాగగానే నీకు చెప్పాలనిపించింది. ఏడాదిగా నాలుకకి ఏ రుచి తగిలినా అలాగే అనిపించేది. ఈసారి ఆపుకోలేదు.

నిన్ను ఏమని పిలవాలో కూడా తెలీలేదు. చుట్టరికం లేదు కదా ఇప్పుడు. అయినా పైన వదినా అనే రాశాను. అభ్యంతరమైతే చెప్పు. లేకపోతే ఒకసారి మా ఇంటికి రా.

మాలతి


సికింద్రాబాద్
డిసెంబరు 2018

వదినా,

చుట్టరికం కోర్టు కొట్టేసింది. పిలుపు కొట్టెయ్యమని జడ్జిగారు ఎక్కడన్న రాసిన్రా? నేను కాగితం అంతా చదివిన, లేదు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పనిమనిషి దాలమ్మ గిన్నెలు తోముతున్నది. నేను ఏడుస్తుంటే భయపడి, "ఎవరన్న పోయిన్రా అమ్మా?" అన్నది. "లేదే, వచ్చిన్రు" అన్న. ఆమెకు అర్థం కాలేదు, నాకు చెప్పడం చాత కాలేదు.

గ్రెనాష్ నాకూ ఇష్టం. అడిలైడ్ దగ్గర మెక్‌లారెన్ వేల్ అని సముద్రం పక్క ఊరు, అక్కడ పాత తీగెలు ఉంటయి. కొనేవాళ్లు తక్కువ గనక మంచిది కూడ అగ్గువకే దొరికేది. అందరూ షిరాజ్ వెంట పడతరు, ఇది పక్కన నిలబడి ఉంటది. నువ్వు దాన్ని నీ అంతట నువ్వు పట్టుకున్నవంటే ఇగ నేను నేర్పేదేం లేదు.

ఫిబ్రవరిల వస్త. ఉత్త చేతులతోనే వస్త, రైల్లో సీసాలు తెస్తే మీ గిరిధర్‌గారు రూలు పుస్తకం తీస్తరు. రాయ్‌పూర్‌ల ఏది దొరికితే అది తాగుదాం. ప్రీతికి ఇబ్బంది అనిపిస్తే మాత్రం ముందే చెప్పు. హోటల్ల దిగుత, నొచ్చుకోను.

సరోజిని


సికింద్రాబాద్, మారేడ్‌పల్లి
ఫిబ్రవరి 2019

మాలతి వదినా,

నిన్న పొద్దున ఇల్లు చేరిన. పెట్టె ఇంకా విప్పలేదు.

నువ్వు వద్దంటవు గానీ, కృతజ్ఞతలు చెప్పకుండ ఉండలేను. ప్రీతి నన్ను తన గదిలోనే పడుకోబెట్టుకుంది. పండరీ తీసుకపోయి తను గీసిన పూల చీర కొనిపెట్టింది. "ఇగ నన్ను అత్తయ్యా అంటవా, ఆంటీ అంటవా?" అని దారిలో నేనే అడిగిన. "పిన్నీ అంటానండీ. నాకు పిన్ని లేదు" అన్నది. ఆటోల ఆ మాట అని, మళ్లీ డ్రైవరుతో బేరం ఆడుకుంటూ కూర్చున్నది. నేను బయటకు చూస్తూ కూర్చున్న.

ఆదివారం భోజనం గురించి ఏం రాయను, నువ్వు అక్కడే ఉన్నవు. కానీ నువ్వు వంటింట్ల ఉన్నప్పుడు మీ పక్కింటి నాంచారమ్మగారు వచ్చింది. నన్ను కిందనుంచి పైదాక చూసి, "మీరు ప్రీతి అత్తగారు కదా... మరి ఇప్పుడు..." అని ఆగింది. పైడమ్మగారు మంచం మీంచి, "అవునే, ఆ అత్తగారే. పిల్లలకి పడలేదు, ఇడిపోయారు. ఆడోళ్లకి పడింది, కలిసి తింతన్నారు. నీకేటి వచ్చిందిప్పుడు, కూకుంటే కూకో, నీకూ ఇంత అన్నం ఎడతాం" అన్నది. ఆమె కూర్చున్నది కూడ. మాంసం కూర రెండుసార్లు వేయించుకున్నది. గ్లాసు మాత్రం ముట్టలేదు, కానీ చూపు దాని మీదనే ఉంది.

ఆ రోజు నువ్వు తెచ్చినది పెద్ద గొప్పదేం కాదు, కంగారూ బొమ్మదే. నేను అడిలైడ్‌ల పెద్ద తోటలల్ల కూర్చుని తాగిన. పున్నయ్యతో తాగినవి లెక్కలేనన్ని. ఆయన పోయినంక నాలుగు గోడల మధ్య తాగినవి కూడ చాలనే ఉన్నయి. వాటన్నిటిల ఏది బాగుందని ఎవరన్న అడిగితే, నీ వంటింటి బల్ల మీద స్టీలు గ్లాసుల తాగినదే చెప్త.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అందుకే ఆరాటపడి ఇప్పుడే రాస్తున్న.

స్టేషనుకు గిరిధర్‌గారు వచ్చిన్రు కద. నువ్వు బడికి పోవాలని ఇంట్లనే ఆగినవు. ప్లాట్‌ఫాం మీద నా పెట్టె పట్టుకుని ఆయన రైలొచ్చే దిక్కే చూస్తూ నిలబడ్డరు. నాకు కొంచెం భయమైంది. రాకపోకలు వద్దన్న మనిషి కద. రైలు వచ్చింది. పెట్టె లోపల సీటు కింద పెట్టి, నీళ్ల సీసా కొనిచ్చి, దిగిపోతూ తలుపు దగ్గర ఆగిన్రు.

"సరోజినిగారూ, ఉత్తరాలు మానెయ్యమని మాలతికి చెప్పింది నేనే. మా అమ్మాయి కోసం అనుకున్నాను" అన్నరు. నేను, "తెలుసండీ, ఆ పరిస్థితిల ఎవరైనా అదే అంటరు" అన్న.

"ఆ ఏడాది మా ఇంట్లో మాలతి మాటే వినబడలేదండీ. ఆదివారం వంట చేసేది, తినేది, లేచిపోయేది. అడిగితే ఏం లేదనేది. మాట్లాడని మొగుడితో మా అమ్మాయి పడ్డ బాధ చూసి కూడా, మా ఆవిడ మాట నేనే ఆపానని తెలుసుకోడానికి నాకు చాలా రోజులు పట్టింది." అంత మాట చెప్పి కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నరు. "మీరు రాయండి. ఆవిడ రాయడం ఆలస్యమైనా మీరు రాయండి. పోస్టు వస్తే నేనే అందుకుంటాను."

రైలు కదిలింది. కిటికీలోంచి రాస్తానని చెప్పిన. చప్పుడుల ఆయనకు వినబడిందో లేదో. చెయ్యి మాత్రం ఎత్తిన్రు.

ఈ ఉత్తరం మొదట ఆయన చేతిలోనే పడుతుంది. చదవనియ్యి.

సరోజిని